దుమ్ము మీద మోపిన నేరం

దాదాపు పద్దెనిమిదేళ్లు నాకు తెల్లవారడమంటే తుమ్ములతో తెల్లవారడమే. పక్క మీద లేచి కూర్చోగానే మొదలయ్యేవి. పది, పన్నెండు, ఒక్కోసారి లెక్క తప్పేదాకా. ముక్కు ధారగా కారేది, అంగిలి దురద పెట్టేది, కళ్ల కింద నలుపు తేలేది. తొమ్మిది గంటలు దాటితే అన్నీ సద్దుమణిగి, అసలు ఏ జబ్బూ లేని మనిషిలా పగలంతా తిరిగేదాన్ని. మళ్లీ రాత్రి దిండు మీద తల ఆనించిన కాసేపటికి ముక్కు ఒక పక్క దిబ్బడ వేసేది. మొదట పడిశమనుకున్నాను, తరువాత చల్లగాలి పడటం లేదనుకున్నాను, చివరికి అందరూ అన్నట్టే దుమ్ము అనుకున్నాను. దుమ్మని తేలాక చేయవలసిన పని కూడా తేలిపోయినట్టే కదా. రెండు పూటలా ఊడ్చాను, అటకలు దులిపాను, పరుపులు బాదాను. దులిపిన ప్రతిసారీ తుమ్ములు రెట్టింపయ్యేవి గనుక ఇంకా ఎక్కడో దుమ్ము మిగిలే ఉందని నమ్మి, మరింత గట్టిగా దులిపాను.

అలాంటి రోజుల్లో ఇంటికొచ్చిన బంధువుల్లో ఒక పెద్దావిడ నా అవస్థ చూసి, "ఇల్లు కాస్త శుభ్రంగా ఉంచుకుంటే ఈ తుమ్ములెందుకొస్తాయమ్మా నీకు?" అన్నారు. అందులో వెటకారం లేదు, నిజంగా జాలిపడే అన్నారు; అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఈ వ్యాసం ఆవిడకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. దుమ్ము పడదని మనం చెప్పుకునే అలర్జీల్లో చాలావాటి మూలం ఇంటి మురికిలో లేదని, పడకలోనూ గాలిలోని తేమలోనూ ఉందని, దీన్ని శుభ్రతకు సంబంధించిన లోపంగా చూసినంతకాలం మనం శ్రమపడవలసిన చోటు వదిలేసి మరో చోట శ్రమపడుతూ, నిందించకూడని మనిషిని నిందిస్తూ ఉంటామని నా వాదన.

ఆ మూలం పడకలో కాపురముండే డస్ట్ మైట్ అనే చిన్న జీవి. ముందు దాని పేరు దగ్గరే మనకొక చిక్కుంది. పైరు మీద పడే ఇదే కోవ పురుగులను రైతులు ఎర్రనల్లి, తెల్లనల్లి అంటారు. ఆ లెక్కన డస్ట్ మైట్‌ను దుమ్మునల్లి అనవచ్చు, కొందరు అంటున్నారు కూడా. కాని పరుపు అన్న మాట పక్కన నల్లి అన్న మాట పడగానే మనకు గుర్తొచ్చేది మంచం పట్టెల్లో దాక్కుని రాత్రిపూట రక్తం పీల్చే నల్లి. ఈ రెండింటికీ పోలిక లేదు. మంచపు నల్లి ఆరు కాళ్ల కీటకం. కంటికి కనిపిస్తుంది, కుడుతుంది. డస్ట్ మైట్ ఎనిమిది కాళ్ల జీవి, సాలెపురుగుకు, గోమారికి దూరపు చుట్టం. పొడవు మిల్లీమీటరులో సుమారు మూడో వంతు, ఒళ్లు పాలిపోయిన పారదర్శకమైన రంగు, కళ్లు లేవు. అది కుట్టదు, కరవదు, మనిషి ఒంటి మీద కాపురం ఉండదు. ఉదయం లేచేసరికి చేతుల మీద ఎర్రటి దద్దుర్లు వరుసగా కనిపిస్తే వెతకవలసింది మరో పురుగును. ఈ గందరగోళం వద్దనే నేను ఇక్కడ మైట్ అనే రాస్తాను.

దుమ్ము పడని మనుషులున్నారని వైద్యులకు వందేళ్ల క్రితమే తెలుసు. ఇంటి దుమ్మును నానబెట్టి తీసిన సారాన్ని చర్మం మీద పరీక్షిస్తే ఉబ్బస రోగుల్లో చాలామందికి దద్దు లేస్తుందని 1920ల తొలినాళ్లలోనే గమనించారు. కాని దుమ్ము అనేది ఒక వస్తువు కాదు. బట్టల నూగు, జుట్టు, మట్టి, బూజు, చర్మపు పొలుసు, పురుగుల అవశేషాలు అన్నీ కలిసిన పోగు. ఏ రెండు ఇళ్ల దుమ్మూ ఒకటిగా ఉండదు. అయినా ఏ ఇంటి దుమ్ము పెట్టినా అదే రోగి చర్మం అదే విధంగా ఎందుకు ఉబ్బుతోంది? అన్ని ఇళ్ల దుమ్ములోనూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఈ ప్రశ్న నలభై ఏళ్లు తెగలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకులు, వారి సహచరులు 1964లో దానికి జవాబు మైట్ అని తేల్చారు. నాకు ఆ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది వారికి దారి చూపిన ఆనవాలు. చెమ్మగా ఉండే ఇళ్ల దుమ్ము పొడి ఇళ్ల దుమ్ముకంటే ఘాటుగా పనిచేసేది. స్విట్జర్లాండ్‌లో 1,500 మీటర్లకు పైన పొడిగాలిలో ఉన్న దావోస్ వంటి చోట్లకు వెళ్లిన ఉబ్బస రోగులు తేరుకునేవారు. అంటే మైట్‌ను పట్టించింది ఆ ఇళ్లలోని చెమ్మే, అక్కడి మురికి కాదు.

ఎందుకో ఆ జీవి ఒంటి తీరు చూస్తే అర్థమవుతుంది. మైట్ నీళ్లు తాగదు, తాగడానికి దానికి వీలు లేదు. దాని శరీర బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే అయినా, ఆ నీటిలో చాలాభాగాన్ని అది గాలిలోని ఆవిరినుంచే గుంజుకోవాలి. మొదటి జత కాళ్ల మొదట్లో ఉన్న గ్రంథులు ఒక ఉప్పని ద్రవాన్ని స్రవిస్తాయి. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ముసురు రోజుల్లో ఎలా చెమ్మగిల్లుతుందో, ఆ ద్రవం కూడా అలాగే గాలిలోని తేమను పట్టి నోటికి చేరుస్తుంది. గాలిలో తేమ 70, 75 శాతం ఉన్నప్పుడు ఈ ఏర్పాటు హాయిగా సాగుతుంది. తేమ 50 శాతానికి దిగువకు వచ్చి అక్కడే నిలిచిందంటే లోపలికి వచ్చే నీటికంటే బయటకు పోయేది ఎక్కువై, కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో ఆ జీవి ఎండిపోతుంది. నిలిచిందంటే అన్న మాట ముఖ్యం. రోజులో కొన్ని గంటలు తేమ దొరికినా చాలు, మిగిలిన గంటలు అది బిగబట్టుకుని నెట్టుకురాగలదు. కొన్ని జాతుల పిల్లదశ అయితే పొడి వాతావరణంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి, తేమ రాగానే మళ్లీ కదులుతుంది.

రోజుకు ఆరేడు గంటలు తప్పకుండా వెచ్చదనాన్నీ తేమనూ ఇచ్చే చోటు ఇంట్లో ఏది? మనం పడుకున్న పరుపు. నిద్రలో మన ఊపిరి, మన చెమట రెండూ దిండులోకీ పరుపులోకీ దిగుతాయి. దాని తిండి కూడా మన ఒంటినుంచే రాలుతుంది. చర్మం పైపొర నిత్యం పొలుసులుగా ఊడిపోవడం ప్రతి మనిషికీ సహజం. అది రోజుకు ఒక గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది, అందులో గణనీయమైన భాగం పడకలోనే రాలుతుంది. మైట్‌కు గ్రీకు మాటల్లో పెట్టిన డెర్మటోఫాగోయిడెస్ అన్న పేరుకు అర్థం చర్మం తినేది అనే. ఈ పోషణతో గుడ్డునుంచి పెద్ద మైట్ కావడానికి నెల రోజులు చాలు. ఆడది తన జీవితకాలంలో నలభైనుంచి ఎనభై దాకా గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు వద్దాం. చర్మం రాలని మనిషి లేడు, ఊపిరిలో తేమ లేని మనిషి లేడు. అందువల్ల తేమగల ప్రాంతాల్లో మైట్ లేని పడక ఉండదు. అద్దంలా తుడిచిన నేల, మందపాటి పరుపు, గోడనుంచి గోడకు పరిచిన తివాచీ, గాలి చొరకుండా బిగించిన కిటికీలు ఉన్న ఇంట్లో మైట్లు వర్ధిల్లవచ్చు. ఎండ పడే బోసి గదిలో, చాప మీద పడుకునే మనిషి చుట్టూ మట్టి దుమ్ము ఎంతున్నా అవి పలచగానే ఉండవచ్చు. ఇది ఊహాగానం కాదనడానికి పపువా న్యూ గినీ ఎత్తైన ప్రాంతాల్లోని ఫోరే ప్రజల అనుభవమే సాక్ష్యం. అక్కడి పల్లెల్లో పెద్దవారిలో ఉబ్బసం అరుదైన జబ్బుగా ఉండేది. బయటి ప్రపంచంతో పరిచయం పెరిగాక దుప్పట్లు వచ్చాయి, తరువాతి దశాబ్దాల్లో ఉబ్బసం పెరిగింది. పరిశోధకులు వెళ్లి చూస్తే ఆ దుప్పట్లలో మైట్లు విస్తారంగా ఉన్నాయి, ఉబ్బసం వచ్చినవారి ఒంట్లో మైట్లకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉన్నాయి. 1985లో వెలువడిన ఆ పరిశీలన చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. దుప్పటి కప్పుకోవడం మొదలుపెట్టిన మనుషులను మురికివారని ఎవరూ అనలేరు గదా.

ఇక మనల్ని తుమ్మించేది సరిగ్గా ఏమిటి? చాలామంది అనుకునేట్టు మైట్ ముక్కులోకి దూరడం వల్ల కాదు. దాని మలం వల్ల. ఒక్కో మైట్ రోజుకు సుమారు ఇరవై మల గుళికలను విసర్జిస్తుంది. ఒక్కో గుళిక మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఇంటి దుమ్ములోని అలర్జీ కారకంలో ప్రధాన భాగం ఈ గుళికల్లోనే ఉందని 1981లో బయటపడింది. వాటిలోని ముఖ్యమైన ప్రోటీన్ పేరు డెర్ పి 1. అది ఆ జీవి జీర్ణరసం, ప్రోటీన్లను తుంచే ఎంజైమ్. తడిసిన ముక్కు పొర మీద పడినప్పుడు కూడా అది తన పని మానదు. పొరలోని కణాలను ఒకదానితో ఒకటి కుట్టినట్టు పట్టి ఉంచే బంధాలను సడలించి లోపలికి దారి చేసుకోగలదని ప్రయోగశాలల్లో చూపించారు. అలర్జీ స్వభావం ఉన్నవారి ఒంట్లో దానికి ప్రత్యేకమైన ఐజీఈ అనే ప్రతిరక్షకం అంతకుముందే తయారై, మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మళ్లీ ఆ ప్రోటీన్ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి. తుమ్ము, దురద, నీళ్లు కారడం అక్కడినుంచి క్షణాల పని.

ఆ గుళికల పరిమాణంలోనే నా పద్దెనిమిదేళ్ల అవస్థకు వివరణ ఉంది. పుప్పొడితో పోల్చదగినంత బరువైన రేణువులు కావడంతో అవి గాలిలో ఎక్కువసేపు తేలవు, అరగంట లోపే కిందికి దిగిపోతాయి. ఎవరూ కదలని గదిలో గాలిని పరీక్షిస్తే మైట్ అలర్జీ కారకం దాదాపు దొరకదు. దుప్పటి విదిలిస్తే, పరుపు బాదితే, చీపురు ఆడిస్తే లేస్తుంది. పగలు తగ్గి, రాత్రి దిండు తాకగానే, పొద్దున పక్క సర్దుతుండగానే ఉధృతమయ్యే నా తుమ్ముల క్రమం అచ్చంగా ఇదే. నేను దులిపి పోగొడుతున్నాననుకున్నదాన్ని నిజానికి లేపి పీలుస్తున్నాను.

ఈ సంగతి తెలియక ముందు నేను గాలి శుద్ధి చేసే యంత్రం ఒకటి కొన్నాను. మంచం పక్కన పెట్టాను. గది గాలి బాగుందని దాని మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉండేది, నేను తుమ్ముతూనే ఉండేదాన్ని. యంత్రం అబద్ధమాడలేదు, గాలి బాగానే ఉంది. నా ముక్కుకు అంగుళం దూరంలో ఉన్న దిండు బాగా లేదు. పొగ, పుప్పొడి, పెంపుడు పిల్లి నుంచి వచ్చే సన్నని రేణువులు వంటివాటి మీద ఆ యంత్రాలకు ఉపయోగం ఉండవచ్చు; మైట్ అలర్జీకి మాత్రం అది గాలిలో వెతుకుతున్నది పడకలో ఉంది.

సరుకు అమ్మేవారి ప్రచారం గురించి ఒక మాట. రెండేళ్లు వాడిన దిండు బరువులో పదో వంతు మైట్లేనని, పదేళ్లలో పరుపు బరువు రెట్టింపవుతుందని చెప్పే ప్రకటనలు మీరూ చూసి ఉంటారు. పక్కనే సూక్ష్మదర్శినిలో తీసిన రాక్షసాకారం ఒకటి ఉంటుంది. ఇంట్లో తూకం యంత్రం ఉన్న ఎవరైనా తేల్చుకోగల ఈ మాటలకు ఆధారం ఏమీ లేదు. అసహ్యం పుట్టిస్తే సరుకు అమ్ముడుపోతుంది, అంతే. అసహ్యం పడవలసినదేమీ ఇందులో లేదని నా ఉద్దేశం. మన పొలుసు తిని బతికే ఆ జీవి అలర్జీ లేనివారికి ఏ హానీ చేయదు, వారు దాని గురించి ఒక్క రూపాయి ఖర్చు పెట్టనక్కర లేదు.

ఇంతవరకూ చెప్పింది వింటే తరువాతి మెట్టు తేలికగా కనిపిస్తుంది: పడకలో మైట్లను తగ్గిస్తే జబ్బు తగ్గాలి. నేనూ అలాగే అనుకున్నాను. కాని నా వాదనకు అడ్డంగా నిలిచే సాక్ష్యం ఇక్కడే ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. మైట్లు, వాటి మలం చొరబడలేనంత సన్నని నేత గల తొడుగులను పరుపులకూ దిండ్లకూ వేయించి, 1,122 మంది పెద్దవయసు ఉబ్బస రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2003లో వచ్చింది. మామూలు తొడుగులు వాడినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. అదే ఏడాది ముక్కు అలర్జీ మీద చేసిన మరో పరీక్షలో పరుపులోని అలర్జీ కారకం తగ్గింది గాని రోగి బాధ తగ్గలేదు. ఆపై 2008లో వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షకులు 54 పరీక్షలను కలిపి చూసి, ఉబ్బసానికి మైట్ నివారణ చర్యలను సిఫారసు చేయలేమని కుండబద్దలు కొట్టారు.

దీనితో విషయం ముగిసిందనేవారున్నారు. నేను వారితో సగమే ఏకీభవిస్తాను. ఆ పరీక్షల్లో చాలావాటిలో చేసిన పని ఒక్కటే, తొడుగు వేయడం. తేమ అలాగే ఉంది, తివాచీ అలాగే ఉంది, సోఫా అలాగే ఉంది. వందలో ఇరవై తగ్గించడానికీ తొంభై తగ్గించడానికీ శరీరం ఒకే విధంగా స్పందించదు. పైగా ఏళ్ల తరబడి వాపుతో ముదిరిన పెద్దవారి ఊపిరితిత్తులు పరుపు మారినంత మాత్రాన వెనక్కి రావు. పిల్లల విషయంలో ఫలితాలు వేరుగా ఉండటం నా ఈ ఊహకు కొంత బలమిస్తోంది. 2004లో అమెరికా నగరాల్లోని 937 మంది ఉబ్బసపు పిల్లల ఇళ్లలో, ఏ పిల్లకు ఏది పడదో చూసి దానికి తగ్గట్టు తొడుగులు, శుభ్రపరిచే పద్ధతులు, పొగ తగ్గించడం అన్నీ కలిపి చేస్తే ఏడాది పొడవునా బాధపడే రోజులు తగ్గాయి. 2017లో ఇంగ్లండ్‌లో, ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రి పాలైన, మైట్ పడదని పరీక్షలో తేలిన 284 మంది పిల్లల్లో మైట్లను ఆపే తొడుగులు వేసినవారిలో 29.3 శాతం మంది, మామూలు తొడుగులు వేసినవారిలో 41.5 శాతం మంది ఏడాదిలోగా మళ్లీ అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. కాబట్టి మైట్ పడని, ఉబ్బసం ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఆ తొడుగుల ఖర్చు దండగ కాదని నేను అనుకుంటాను. నాలాంటి నడివయసు మనిషి మాత్రం తొడుగు వేసి, ఇక మందు మానేయవచ్చని ఆశపడితే ఆ ఆశ నిలవదు.

అయితే నేను ఏం చేస్తున్నానని అడుగుతారు. అన్నిటికంటే ముందు ఊడ్చడం తగ్గించి తడిబట్టతో తుడవడం పెంచాను. పరుపు తప్ప మిగతా పడక సామగ్రిని వారానికోసారి వేడి నీళ్లలో ఉతుకుతాను. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. చన్నీళ్లలో ఉతికినా మలంలోని ప్రోటీన్ చాలావరకు కరిగి పోతుంది, కాని నూలు పోగులను పట్టుకుని వేలాడే మైట్లు బతికే ఉంటాయి. అవి చావాలంటే నీళ్లు 55 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఎండకు వేయడం మీద నాకున్న పాత నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం కూడా దొరికింది: తివాచీలను తిరగేసి మండుటెండలో కొన్ని గంటలు ఉంచితే మైట్లన్నీ చచ్చాయని 1994లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. కాని చచ్చిన మైట్ వదిలిపెట్టిన మలం ఎండకు పోదు, దాన్ని ఉతకడమో దులపడమో చేయాలి. దులిపే పని అలర్జీ ఉన్న మనిషి చేయకూడదు. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు మా ఆయనది. మొదట్లో కాస్త గునిశారు గాని, నా తుమ్ములు వినడంకంటే ఇదే నయమని ఒప్పుకున్నారు. ఉతకలేని బొచ్చు బొమ్మలను సంచిలో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే మైట్లు చస్తాయి, ఆపై విదిలిస్తే చాలు. మైట్లను చంపే పిచికారీ మందులు కూడా ఉన్నాయి. పరుపు లోతుకు అవి చేరవు కనుక వాటి జోలికి నేను పోలేదు.

నా దృష్టిలో వీటన్నిటికంటే విలువైన వస్తువు గాలిలోని తేమను కొలిచే చిన్న పరికరం. దాన్ని పడకగదిలో పెట్టిన మొదటి వారమే నా అలవాట్లలోని తప్పులు అంకెల్లో కనిపించాయి. ఉతికిన బట్టలు గదిలో ఆరేసిన రాత్రి ముల్లు 60 నుంచి 78కి ఎక్కింది. స్నానాల గది తలుపు తెరిచి ఉంచినప్పుడు మరో నాలుగైదు. కిటికీ తెరిస్తే మంచిదన్నది కూడా ఎప్పుడూ నిజం కాదు. బయటి గాలి లోపలి గాలికంటే పొడిగా ఉన్నప్పుడే అది మేలు, వాన పడుతున్నప్పుడు తెరిస్తే తేమను పిలిచి కూర్చోబెట్టినట్టే. లేచీ లేవగానే పక్క చక్కగా సర్ది దుప్పటి కప్పేయడం క్రమశిక్షణ అని నేర్చుకున్నాం. రాత్రంతా పరుపులోకి దిగిన తేమను అలా మూతపెట్టి దాచడం నాకు ఇప్పుడు వింతగా తోస్తుంది. గంటసేపు పక్క తెరిచి ఆరనిచ్చాకే సర్దుతాను, ఎవరైనా వచ్చి చూస్తే చూడనీ. ఏడాది పొడవునా గాలి చెమ్మగానే ఉండే చోట్ల 50 శాతం అన్నది తేమను లాగే యంత్రమో ఏసీయో లేనిదే అందని లక్ష్యం, అది అందరికీ అందుబాటులో ఉన్నదీ కాదు. అలాంటి చోట పరుపు మీదే దృష్టి పెట్టి, మందు సరిగ్గా వాడుకోవడం మేలు.

ఇదంతా మొదలుపెట్టే ముందు మీకు పడనిది మైటేనా అని తేల్చుకోవడం అవసరం. నేను ఆ పని పద్దెనిమిదో ఏట చేశాను, అంటే జబ్బు మొదలైన పద్దెనిమిదో ఏట. ముంజేతి చర్మం మీద రకరకాల సారాల చుక్కలు వేసి సూదితో తేలికగా గిల్లుతారు. పావుగంటలో 3 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉబ్బితే ఆ పదార్థానికి ఒళ్లు స్పందిస్తున్నట్టు. పరీక్షకు ముందు కొన్ని రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే దద్దు లేవదు. రక్తంలో ఐజీఈ చూసే పద్ధతీ ఉంది. అయితే దద్దు లేచినవారందరికీ జబ్బున్నట్టు కాదు. పరీక్ష ఫలితం, రోజువారీ బాధ రెండూ ఒకదానికొకటి అతకాలి. ఘాటైన వాసనలకూ చల్లగాలికీ మాత్రమే తుమ్మేవారిలో కొందరికి అసలు ఏ అలర్జీ ఉండదు, వారు పరుపులు మార్చినా ప్రయోజనం లేదు. ఇంకో చిత్రం, మైట్ ఒంట్లోని ఒక ప్రోటీన్ రొయ్యలోని ప్రోటీన్‌ను పోలి ఉంటుంది. మైట్ పడని కొందరికి రొయ్యలు తిన్నా దురద రావడం వెనుక ఈ బంధుత్వం ఉంది.

చివరిగా మందుల సంగతి. ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటే పోయే జబ్బు అనుకున్నంతకాలం మందు వాడటం నాకు ఓటమిలా అనిపించేది. అందువల్ల వైద్యుడు రాసిచ్చిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రేను స్టెరాయిడ్ అన్న మాటకు జడిసి పక్కన పెట్టి, వెంటనే ముక్కు తెరిపించే చుక్కల మందును నెలల తరబడి వాడాను. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆ చుక్కలను కొద్ది రోజులకు మించి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది, మళ్లీ చుక్కలు కావాలి. ఆ వలయంనుంచి బయటపడటానికి నాకు మూడు వారాలు పట్టింది. స్ప్రే మందు ముక్కు పొరలోనే పనిచేస్తుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. రోజూ వాడితేనే, అదీ కొన్ని రోజుల తరువాతే దాని గుణం తెలుస్తుంది. తుమ్ము వచ్చినప్పుడు మాత్రమే కొట్టుకుని పనిచేయలేదనడం ఆ మందుకు అన్యాయం.

పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. పుప్పొడి అలర్జీ మీద దీన్ని 1911లోనే లండన్‌లో లెనార్డ్ నూన్ అనే వైద్యుడు ప్రయోగించాడు. మైట్లకు సూదిమందుగానూ, నాలుక కింద పెట్టుకునే చుక్కలుగానూ మాత్రలుగానూ ఇప్పుడు దొరుకుతోంది. ఆ మాత్రకు యూరప్‌లో 2015లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. కనీసం మూడేళ్లు విడవకుండా వాడాలి. ఉబ్బసం అదుపులో లేనివారికి ఇవ్వరు. మొదటి మోతాదు వైద్యుడి ఎదుటే వేసుకుని అరగంట కూర్చోవాలి, ఎందుకంటే అరుదుగా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. నేను రెండో ఏడాదిలో ఉన్నాను. మొదటి నెలంతా నాలుక కింద దురద పెట్టింది, తరువాత పోయింది. స్ప్రే మానలేదు, వేడినీళ్ల ఉతుకుడు మానలేదు. తుమ్ములు ఇప్పుడు వారంలో ఒకటి రెండు ఉదయాలకు తగ్గాయి, అవీ మూడు నాలుగు తుమ్ములతో ఆగిపోతున్నాయి. మూడింటిలో ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పడం నా ఒక్కదాని ముక్కును బట్టి సాధ్యం కాదు. ఆ పెద్దావిడ మొన్న మళ్లీ వచ్చారు. పక్క తెరిచి ఆరబెట్టి ఉండటం చూసి ఇంకా సర్దలేదేమని అడిగారు. కారణం చెబితే ఓపికగా విని, తమ మనవడికి కూడా పొద్దున్నే తుమ్ములొస్తాయని, చర్మపరీక్ష ఎవరు చేస్తారో కనుక్కుని చెప్పమని అన్నారు.